మందు మింగారా?

ఏదైనా పథకం విఫలమైందంటే నేను వెంటనే నమ్మను. అసలది అమలైందా? రాజనీతిశాస్త్రం పీజీలో విధానాల గురించి చదివిందే ఎక్కువ. ఆ ప్రశ్నకు లెక్కలతో జవాబు దొరికింది మాత్రం ఒక సైకాలజిస్టు దగ్గర.

షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోసెఫ్ డర్లాక్ కమ్యూనిటీ సైకాలజిస్టు. పిల్లల్లో దూకుడు, మత్తు అలవాట్లు, మానసిక సమస్యలు ముదరక ముందే ఆపే కార్యక్రమాలు ఆయన పరిశోధనాంశం. 2008లో ఎమిలీ డుప్రేతో కలిసి 500కు పైగా అధ్యయనాలను జల్లెడ పట్టారు. శ్రద్ధగా అమలు చేసినచోట సగటు ఫలితం కనీసం రెండు, మూడు రెట్లు ఎక్కువని తేలింది. అంటే సగం మందు మింగి డాక్టర్ని తిట్టే ప్రమాదం ఎంతో ఊహించుకోవచ్చు. ఆ తిట్ల వల్ల పనికొచ్చే కార్యక్రమమే మూతపడితే నష్టపోయేది పిల్లలు.

ఆయన ఛాందసుడేమీ కాదు. నూటికి నూరుపాళ్లు అమలైన కార్యక్రమం ఒక్కటీ కనిపించలేదు. 60 శాతం అమలైనా తరచూ మేలే జరిగింది. స్థానికంగా చేసుకునే మార్పులూ ఒక్కోసారి కలిసొస్తాయి. (మన అధికారులు ఈ ఒక్క ముక్కే పట్టుకుంటారేమో!)

జిల్లాల్లో మా చేతికిచ్చే నివేదికల్లో మంజూరైన నిధులుంటాయి, లబ్ధిదారుల సంఖ్య ఉంటుంది. అనుకున్న తరగతులెన్ని, జరిగినవెన్ని, చెప్పినవారికి శిక్షణ ఉందా అన్న గడులుండవు. అడిగితే అధికారులు టీ తెప్పిస్తారు. టీచర్లు మాత్రం పరీక్షలకు, సర్వేలకు పోయిన పీరియడ్లను వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు.