శుక్రవారం ఎక్కడికి?

ఒమన్‌లోని నిజ్వాలో శుక్రవారం పొద్దున్నే కోట దగ్గర మేకల సంత చూశారా? గుండ్రంగా గుమిగూడిన జనం మధ్య మేకల్ని తాడుతో పట్టుకుని తిప్పుతుంటారు. ధర కేకల్లోనే తేలిపోతుంది. ఎండ ముదిరేలోగా అన్నీ సర్దేసి మధ్యాహ్నం జుమా నమాజుకి చేరతారు. వారానికోసారి ఒకరి మొహం ఒకరు చూసుకునే ఆ ఏర్పాటు ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు.

మరి అక్కడ పనికెళ్లిన మన తెలుగువాళ్లో? సెలవు వాళ్లకీ శుక్రవారమే. గుడికెళ్లాలంటే మస్కట్ దాకా, దాదాపు 160 కిలోమీటర్లు. దర్సైత్‌లో కృష్ణుడు, పాత మస్కట్‌లో శివుడు. చర్చికైతే రువీ. కారున్నవాళ్లకి ఫరవాలేదు. జగిత్యాల నుంచో, కరీంనగర్ నుంచో కూలికొచ్చినవాడికి గదిలో వెంకన్న పటం, దాని ముందు ఓ అగరుబత్తి, అంతే.

గదిలోకి దేవుడు రాడా, అంటారు. వస్తాడు లెండి! కానీ ఈ లెక్క వినండి. అమెరికాలో దాదాపు 90 వేల మంది నర్సమ్మల వివరాలు 1996 నుంచి 2010 దాకా చూసింది వాండర్‌వీల్ అనే పరిశోధకుడి బృందం. వారానికోసారైనా ప్రార్థనకెళ్లేవాళ్లలో ఆత్మహత్యలు, అసలు వెళ్లనివాళ్లతో పోలిస్తే, ఐదోవంతు. 2010లో లిమ్, పుట్నమ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి పట్టుకున్నారు: ప్రార్థనకొచ్చేవాళ్లలో అక్కడ స్నేహితులున్నవాళ్లకే జీవితం మీద తృప్తి ఎక్కువట. తాళం తప్పేవాణ్ణి కూడా మన భజనలోకి రమ్మంటారు చూడండీ, మందు అక్కడుందని నా అనుమానం.

అలాగని మనసు బాగోలేనివాణ్ణి దేవుడి మీద వదిలేస్తే కుదరదు. 2001లో తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గరి ఆశ్రమంలో గొలుసులతో కట్టేసిన రోగులు, 28 మంది, మంటల్లో పోయారు. నయమవుతుందనే తీసుకొచ్చారు వాళ్లని.

పైగా ప్రార్థనకెళ్లేవాళ్ల గురించిన ఆ లెక్కల్లో ఓ మెలిక. దిగులు పట్టినవాడు ముందు మానేసేది ఈ రాకపోకలే. కాబట్టి వచ్చేవాళ్లు బాగుండటంలో కొంత, బాగున్నవాళ్లే రావడం. మనమేమో వాడికి భక్తి తగ్గిందనుకుని ఊరుకుంటాం. కొన్ని వారాలుగా కనపడని మనిషి ఉంటే, ఈ శుక్రవారం వాడి గదికి కాస్త పులిహోర పట్టుకెళ్లండి. పూజ సంగతి ఎత్తకండి, నిద్ర పడుతోందా అనడగండి. పట్టట్లేదంటే డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి, అరబ్బీ రాదని వాడొక్కడూ కదలడు.