రెండు చెక్కల నడుమ

పాత టేకు పెట్టె పాడైందని తూకానికి అమ్మేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. పాడైంది పెట్టె కాదు, దాని మూలలు. పలకలు ఇంకో రెండు తరాలు చూస్తాయి. భువనగిరి చుట్టుపక్కల పాత ఇళ్లలో సందుగ, అంటే ఈ టేకు పెట్టె, చిన్న విషయం కాదు. పెళ్లి చీరలు, పొలం కాయితాలు, వెండి కడియాలు అన్నీ అందులోనే. ఆ సందుగే ఒక మూల విడిచినందుకు ఇల్లు వదిలి పోతోంది.

మూలలు విడవడానికి మన వాతావరణం ఒక పెద్ద కారణం. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే పొడి వేడి, ఆ వెంటనే వానల తేమ. చెక్క పొడవునా దాదాపు మారదు కానీ అడ్డంగా ఉబ్బుతుంది, మళ్లీ కుంచించుకుంటుంది. వేసవిలో వదులుగా ఊగిన సొరుగే శ్రావణంలో లాగినా రాదు. మేకులు ఈ కదలికకు తట్టుకోలేవు. తుప్పు పట్టి, తమ రంధ్రాన్ని తామే పెద్దది చేసుకుంటాయి. జిగురు ఒక్కటే సరిపోదు. పలక కొస జిగురును పీల్చేసుకుంటుంది తప్ప పట్టు ఇవ్వదు.

భువనగిరి కోట గుట్ట నీడన పనిచేసే ఒక వడ్రంగి తాత దగ్గర దీనికి విరుగుడు చూశాను. సందుగ అడ్డపట్టీకి కుసి, అంటే కాలి బెజ్జంలోకి దూరే కొస, విరిగింది. "కొత్త పట్టీ ఏస్తే అయిపాయె గద తాతా?" అన్నాను. "పట్టీ మంచిగున్నది బిడ్డా. ఇరిగింది కొస. కొసనే బాగుచేద్దాం" అన్నాడు.

మిగిలిన మొండిని రంపంతో సాపుగా కోసేశాడు. పట్టీ కొసలో ఉలితో కొత్త బెజ్జం తొలిచాడు. కాలిలోని పాత బెజ్జంలో ఇరుక్కున్న ముక్కలు తీసి శుభ్రం చేశాడు. పక్కనున్న టేకు తునక తీసుకుని, రెండు బెజ్జాలకూ సరిపోయే విడి కుసి చెక్కాడు. దాని మందం పట్టీ మందంలో మూడో వంతు. అంతకు మించితే బెజ్జం గోడలు పలచబడి పగులుతాయి. "ఏలితోని నొక్కితే సగం పోవాలె, సుత్తెతోని కొడితే మిగిలింది కూసోవాలె" అన్నాడు. బెజ్జం అడుగున జిగురు నిలవడానికి వెంట్రుకవాసి చోటు వదిలాడు. ఆ చోటు లేకపోతే బయటికి దారిలేని జిగురు కుసిని పూర్తిగా దిగనివ్వదు.

ఈ విడి కుసి అప్పటికప్పుడు అవసరానికి పుట్టిన చిట్కా అనుకుంటే పొరపాటు. 1954లో ఈజిప్టులో ఖుఫు పిరమిడ్ పక్కన బయటపడ్డ, సుమారు 4,500 ఏళ్ల నాటి పడవలో తాళ్ల కట్లతో పాటు ఇలాంటి విడి కుసులే ఉన్నాయి. జర్మనీ సంస్థ ఫెస్టూల్ 2006లో తెచ్చిన డొమినో యంత్రం చేసేదీ ఈ పనే. తిరుగుతూ పక్కలకు ఊగే మొనతో క్షణాల్లో బెజ్జం తొలుస్తుంది. అందులోకి తయారుగా దొరికే బీచ్ చెక్క కుసులు దిగుతాయి.

సొరుగులు, పెట్టెలు చేసేవారికి ఈ పద్ధతి ఎంతో నయం. కుసి కోసం పలకను అదనపు పొడవుతో కొయ్యక్కర్లేదు. 18 మిల్లీమీటర్ల పలకలకు 5 మిల్లీమీటర్ల మందం, 30 మిల్లీమీటర్ల పొడవున్న కుసులు సరిపోతాయి. ఒక పలక ముఖంలోకి 12 మిల్లీమీటర్లు, మిగిలింది రెండో పలక కొసలోకి. మూలకు ఒక బెజ్జం బిగువుగా ఉంచి, మిగతావి పక్కకు కాస్త వెడల్పు చేస్తే పలకల అంచులు కలపడం తేలిక. బిగించాక కర్ణాలు రెండూ కొలవాలి. అవి సమానమైతేనే సొరుగు వంకర లేకుండా నడుస్తుంది.

అతుకు వేసిన వస్తువంటే మనకు ఎందుకో చిన్నచూపు. కానీ కుదురుగా దిగిన విడి కుసి, పలకలోనే చెక్కిన కుసికి పెద్దగా తీసిపోదు. దాని నార కలిసే చోటుకు అడ్డంగా సాగి రెండు చెక్కల్లోనూ పట్టు దొరికించుకుంటుంది. మంచి టేకు చెట్టు కోతకు రావడానికి యాభై, అరవై ఏళ్లు పడుతుంది. రెండు వేళ్లంత తునక విరిగిందని ఆ వయసునంతా పారేయడం అన్యాయం. మీ ఇంట్లో మూల విడిచిన పెట్టె ఉంటే అమ్మేముందు ఒక మంచి వడ్రంగిని పిలిపించండి. ఆ పెట్టె నిలుస్తుంది, ఆ చేతికి పనీ దొరుకుతుంది.