పాట నడుమ ఆగిన ఊపిరి



గత సంవత్సరము చిల్పూరులో ఒక ఇంటి కూటములో పాడుచుండగా, చరణము పూర్తికాకముందే మాకు ఊపిరి చాలలేదు. ఆగి, గాలి పీల్చుకొని మరల అందుకున్నాము. ప్రార్థన ముగిసిన పిమ్మట ముందు కూర్చున్న పెద్దమ్మ ఒకామె, "అయ్యగారూ, పాట నడుమ దమ్ము తీస్తున్నరు. పానం మంచిగ లేదా?" అని అడిగింది. "నలభై దాటినవి కదమ్మా" అని నవ్వి ఊరుకున్నాము.

ఇంటికి వచ్చినా ఆ మాట మమ్మును విడువలేదు. మెట్లెక్కితే ఆయాసము, చెప్పులు తొడుగుకొనుటకు వంగితే ఆయాసము. మేము బీడీ, చుట్ట ఎరుగము. క్షయయేమో, గుండెజబ్బేమో అని లోలోపల భయపడ్డాము. పిల్లల చదువులు ఇంకా ముగియలేదు.

వరంగల్ వెళ్లి వైద్యునికి చూపించుకున్నాము. ఛాతీ ఎక్స్‌రే, గుండె పరీక్ష బాగుగానే వచ్చినవి. గొట్టములోనికి బలముగా ఊదించి ఊపిరితిత్తుల శక్తిని కొలిచారు. అది మా వయస్సుకు ఉండవలసినదానికంటె తక్కువ ఉన్నది. తరువాత ఆయన టేపుతో మా నడుము కొలిచారు. 104 సెంటీమీటర్లు! "పాస్టర్‌గారూ, మీ ఆయాసానికి కారణం ఇదే" అన్నారు.

ఆయన వివరించినది ఇది. ఊపిరితిత్తుల క్రింద గొడుగువంటి కండరము ఒకటి ఉన్నది. మనము గాలి పీల్చినప్పుడు అది క్రిందికి దిగాలి. పొట్టలో కొవ్వు నిండితే దానికి దిగే చోటు ఉండదు. కమ్మరి కొలిమి తిత్తిమీద బియ్యపు మూట పెట్టి ఊదమన్నట్లే. అంతేకాక, ఆ కొవ్వునుండి వెలువడే పదార్థములు ఒంటిలో వాపును కలిగిస్తాయి. అది ఊపిరితిత్తులకు కూడ మంచిది కాదు.

ఇరువది అయిదేండ్లు దాటినప్పటినుండి ఊపిరి శక్తి ఎవరికైనా కొద్దికొద్దిగా తగ్గుతుంది. బరువు పెరిగినవారికి త్వరగా తగ్గుతుంది. ఐరోపా పరిశోధకులు 20–44 ఏండ్ల వయస్సుగల 3,673 మందిని ఇరువది సంవత్సరములు పరిశీలించి 2020లో ఈ సంగతి ప్రకటించారు. బరువు ఎక్కువగా ఉండి తగ్గించుకున్నవారిలో ఆ నష్టము నెమ్మదించినదట. ఇది మాకు శుభవార్తవలె వినిపించింది.

త్రాసును మాత్రమే నమ్మరాదు. నడివయస్సులో కండ తరిగి కొవ్వు పెరుగుతుంది గనుక బరువు మారకపోయినా పొట్ట పెరుగవచ్చును. మన దేశములో నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెప్పుచున్నారు.

ఇక మా తప్పు ఒప్పుకుంటాము. పూర్వము మల్కాపురము, పల్లగుట్ట, రాజవరము సైకిలుమీద తిరిగేవారము. ఇప్పుడు బండి వచ్చింది. ఏ ఇంటికి వెళ్లినా ప్రేమతో వడ్డిస్తారు. వద్దంటే నొచ్చుకుంటారని మారన్నము పెట్టించుకునేవారము. శుక్రవారము ఉపవాసముండి సాయంకాలము రెండింతలు తినేవారము. త్రాగుడును, బీడీని గద్దించి ఎన్నో ప్రసంగములు చేశాము గాని, తిండిలో మితమునుగూర్చి ఒక్కటైనా చేయలేదు. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని అపొస్తలుడు వ్రాసిన మాట మా పొట్టకు కూడ వర్తించునని మాకు తోచలేదు.

అప్పటినుండి ప్రతి ఉదయము ముప్పావు గంట నడుస్తున్నాము. అన్నము సగము చేసి, పప్పు, ఆకుకూరలు పెంచాము. కూటముల తరువాత మజ్జిగ చాలునని ముందే చెబుతున్నాము. ఎనిమిది నెలలలో ఏడు కిలోలు తగ్గాము.

అయితే ప్రతి ఆయాసమూ కొవ్వువలన వచ్చినదని అనుకోకండి. రెండు వారములకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితముగా చేయించుకోండి. గుండెలో నొప్పి, కాళ్లవాపు ఉంటే ఆలస్యము చేయకండి. కట్టెల పొయ్యి పొగలో వంటచేయు తల్లుల ఊపిరిని ఇంటివారు పట్టించుకోవాలి.

మొన్న అదే ఇంటిలో అదే పాట పాడాము. చరణము చివరివరకు ఊపిరి అందింది. భోజనమువేళ ఆ పెద్దమ్మ గరిటె పట్టుకొని మా విస్తరిదగ్గరకు వచ్చి, ఒక్క క్షణము ఆగి, "వద్దులే అయ్యగారూ, మీరు పాట పాడాలె" అని వెనుదిరిగింది. అది మాకు వడ్డనకంటె గొప్ప ప్రేమ.

మంటితో చేసిన నరునిలో దేవుడే జీవవాయువును ఊదెనని ఆదికాండము రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఆయన ఇచ్చిన ఊపిరిని మన పొట్టతో అణచివేయక, ఆయనను స్తుతించుటకు దాచుకుందము గాక. ఆమేన్.