పోలికను ఎవరు నిర్ణయిస్తారు?

రూపచిత్రాన్ని గురించి మన విమర్శకులు మాట్లాడేది చాలా తక్కువ. కథనూ కవిత్వాన్నీ వర్గదృష్టితో పరిశీలించే మనం, గోడకు తగిలించిన పటం దగ్గరికి వచ్చేసరికి "అచ్చం మనిషిలాగే ఉన్నది" అని ఊరుకుంటాం. పోలిక కుదరటమనేది కేవలం చిత్రకారుడి నేర్పుకు సంబంధించిన విషయమని చాలామంది అభిప్రాయం. ఈ అభిప్రాయం నిలవదని చెప్పటానికి, గుంటూరులో ఉన్న నా మిత్రుడొకడు ఈ మధ్య గీసిన మూడు బొమ్మలు చాలు.

ఇతను ఎక్కడా ఉద్యోగి కాడు. మొదట్లో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేశాడు. పత్రికలు ఒక్కొక్కటే మూతబడి ఆ పనీ పోయింది. ఇప్పుడు ఎవరు అడిగితే వారికి, ఏ మనిషి బొమ్మ కావాలంటే ఆ మనిషి బొమ్మ గీసి ఇస్తున్నాడు. పటం సైజునుబట్టీ, అందులో ఎన్ని తలలుంటాయన్న దాన్నిబట్టీ ధర.

తలకింత అని ధర కట్టటం కొత్త సంగతేమీ కాదు. 1642లో రెంబ్రాంట్ ఆమ్‌స్టర్‌డామ్ పౌరదళానికి గీసి ఇచ్చిన బొమ్మ "రాత్రి పహరా" అనే పేరుతో లోకప్రసిద్ధమైంది. అందులో ఉన్నవాళ్ళు తలా సుమారు 100 గిల్డర్లు చెల్లించారనీ, బొమ్మలో దొరికిన చోటునుబట్టి కొందరు ఎక్కువా కొందరు తక్కువా ఇచ్చారనీ వాళ్ళలో ఒకడే తరవాత సాక్ష్యం చెప్పాడు. అయితే ఆ బొమ్మలో మంచి వెలుతురు పడిన వాళ్ళలో ఒక చిన్నపిల్ల ఉన్నది. ఆ పిల్ల చందాదారుల్లో లేదు. రెంబ్రాంట్ గొప్పతనం బేరానికి దూరంగా ఉండటంలో లేదు. బేరంలో ఉంటూనే, డబ్బివ్వని మనిషికి కూడా వెలుతురు కేటాయించటంలో ఉన్నది.

ఇక నా మిత్రుడి బొమ్మల సంగతి. మొదటిది స్థలాల వ్యాపారం చేసే ఒకాయన తన తండ్రిని గురించి పురమాయించినది. ఆ తండ్రి బతికినన్నాళ్ళూ ఒంటెద్దు బండి తోలి మిరపకాయ బస్తాలు చేరవేసినవాడు. కొడుకుకు చేతుల కుర్చీ కావాలి, జరీ కండువా కావాలి, జేబుగడియారం గొలుసు కావాలి. "రంగు కూడా కాస్త తేల్చండి" అన్నాడు. అడిగినవన్నీ బొమ్మలోకి వచ్చాయి. డబ్బు కూడా మాట ప్రకారం ముట్టింది.

రెండో బొమ్మ మనవాళ్ళది. ఏళ్ళ తరబడి బస్తాలు మోసి, తోటివాళ్ళను కూడగట్టిన ఒక హమాలీ సంస్మరణ సభకోసం ఒక కార్మిక సంఘం అడిగింది. దొరికిన ఫోటోలో ఆయన నవ్వుతున్నాడు. మెడ ఒక పక్కకు ఒరిగి ఉన్నది. బరువు మోసినవాడి మెడ అది. సంఘంవారు నవ్వు తీసెయ్యమన్నారు, మెడ నిటారుగా పెట్టమన్నారు, పిడికిలి ఎత్తించమన్నారు. "నాయకుడన్నాక గంభీరంగా ఉండాలి కదండీ" అన్నారు. తీరా పని పూర్తయినాక, ఉద్యమానికి గీసిన బొమ్మకు డబ్బేమిటని ఫ్రేము ఖర్చు మాత్రం ఇచ్చారు.

మూడో బొమ్మ ఒక పారిశుద్ధ్య కార్మికురాలు చనిపోయిన తల్లికోసం అడిగినది. ఆమె దగ్గర ఉన్నదల్లా తల్లి ఆధార్ కార్డు మీది తపాలాబిళ్ళంత ఫోటో. "అన్నా, మా అమ్మ చెవులు బోసిగా ఉంచమాకు, ఎర్రరాళ్ళ కమ్మలు పెట్టు" అన్నది. ఎలాంటి కమ్మలని నా మిత్రుడు అడిగాడు. అడిగితే సంగతి బయటికి వచ్చింది. ఆ కమ్మలు నిజంగా ఉండేవి. కూతురి కాన్పుకు ఆసుపత్రి ఖర్చులకోసం తల్లి వాటిని తాకట్టు పెట్టింది, మళ్ళీ విడిపించలేకపోయింది. ఎన్ని రాళ్ళుండేవో, ఏ రాయి ఊడిపోయి ఉండేదో కూతురు చెపుతుంటే అతను గీశాడు. ఇప్పుడు ఫోనులోని యంత్రం కూడా నిమిషంలో బొమ్మ తయారుచేసి ఇస్తున్నది. కమ్మలు పెట్టమంటే పెడుతుంది. ఏ కమ్మలని మాత్రం అడగదు.

ఉన్నదున్నట్టు చూపటమే వాస్తవికత అనే విమర్శకుడు ఈ మూడు బొమ్మలనూ ఒకే గాటన కట్టి, మూడూ అబద్ధాలే అంటాడు. ఎందుకంటే మూడింటిలోనూ ఫోటోలో లేనిది వచ్చి చేరింది. నేను ఒప్పుకోను. వ్యాపారి బండిని దాచాడు. సంఘం మెడను దాచింది. ఉద్దేశాలు వేరుగాని ఇద్దరూ దాచింది శ్రమనే. కూతురు కోరిన మార్పు మాత్రం, ఫోటోలో కనపడకుండా పోయిన త్యాగాన్నీ అప్పునూ మళ్ళీ బయటపెట్టింది. కనక విమర్శకుడు అడగవలసిన ప్రశ్న "మార్చారా, లేదా?" అని కాదు. "ఆ మార్పు దేన్ని దాచింది, దేన్ని చూపింది?" అని.

పురమాయించిన పనిలో నిజం ఉండదనేవారు చిత్తప్రసాద్‌ను గుర్తుచేసుకోవాలి. 1943 బెంగాల్ కరువులో కమ్యూనిస్టు పార్టీ పంపగా ఆయన మేదినీపూర్ ప్రాంతం తిరిగి బొమ్మలు గీశాడు. తాను గీసినవారిలో పలువురి పేర్లు, ఊళ్ళు కూడా రాసిపెట్టాడు. అంచేత ఆకలిగొన్నవాళ్ళు ఆయన చేతిలో గుంపుగా మిగిలిపోలేదు, మనుషులుగా నిలబడ్డారు. ఆ బొమ్మలతో అచ్చయిన "హంగ్రీ బెంగాల్" ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టించింది. పిడికిలి ఎత్తని బొమ్మలకు కూడా ప్రభుత్వం భయపడిందని దీనివల్ల తెలుస్తున్నది.

మన సంఘాలు ఇకమీదట చిత్రకారుడి దగ్గరికి వెళ్ళినప్పుడు రెండు పనులు చెయ్యాలని నా మనవి. ఒకటి, పోయిన మనిషి ఎలా ఉంటే బాగుండేదో చెప్పటం మాని, ఎలా ఉండేవాడో ఆయన ఇంటివారినీ, ఆయనతో కలిసి బరువు మోసినవారినీ అడగాలి. ఒరిగిన మెడ ఉద్యమానికి చిన్నతనం కాదు, ఉద్యమం ఎందుకు పుట్టిందో చెప్పే సాక్ష్యం. రెండోది, గీసినవాడి కూలి అతనికి ముట్టాలి. కూలిరేట్లు పెంచాలని తీర్మానాలు చేసే సభలో, వేదిక మీద దండ వేసిన పటం కూలి ఎగ్గొట్టి తెచ్చింది కాకూడదు.