వాల్తేరు దొరల పేరట!

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు రైల్వే డివిజన్‌ను విశాఖపట్నం డివిజన్ చేసింది. చేస్తే చేశారు, ఒళ్లు మండేది వాళ్లు చెప్పిన కారణానికి. వాల్తేరు వలస పాలన నాటి పేరట, అందుకని మార్చాలట! పోర్టు కట్టకముందు, ఉక్కు ఫ్యాక్టరీ ఎవరి ఊహకూ రాకముందు విశాఖ సముద్రపుటొడ్డున ఉన్న పల్లె పేరది. ఇప్పటికీ పెదవాల్తేరు, చినవాల్తేరు ఉన్నాయి. ఊరిని పెద, చిన అని విడదీసి పిలుచుకోవడం మన పల్లెల పద్ధతి: పెదగంట్యాడ, చినగంట్యాడ, పెదగదిలి, చినగదిలి. ఏ కలెక్టరు దొరా ‘పెద’ తగిలించి ఊరికి పేరు పెట్టలేదు. పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబకు మొక్కేవాళ్ల దగ్గరికెళ్లి, మీ ఊరి పేరు ఓడలో దిగిందని చెప్పి చూడండి.

దొరలు అక్కడ బంగళాలు కట్టుకున్నారు, వాళ్లు పలికిన ‘వాల్టేర్’ కదా రైల్వే బోర్డుకెక్కింది అంటారు. నిజమే, ఆ పలుకు వింటే ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఇక్కడెక్కడో కాపురమున్నాడేమో అనిపిస్తుంది. కానీ నోరు తిరగక ‘వైజాగపటం’ అన్నారని విశాఖపట్నం పరాయి పేరైపోయిందా? స్పెల్లింగు దిద్దితే సరిపోయేదానికి పేరే ఎత్తేశారు. డివిజన్ కేంద్రం విశాఖ కాబట్టి ఆ పేరే సబబంటే పేచీ లేదు. ఆ మాటే చెప్పి మార్చాల్సింది.

దిద్దుబాటంటే గ్రీన్లాండ్‌లో జరిగింది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో పిథియాస్ అనే గ్రీకు నావికుడు బ్రిటన్‌కు ఉత్తరాన ఆరు రోజుల ప్రయాణంలో థూలే అనే దీవి ఉందన్నాడు. అది ఐస్లాండా, నార్వేనా అన్న తగువు తేలనే లేదు గానీ, ఆ పేరుకు లోకం చివరి అంచు అనే అర్థం అంటుకుంది. 1910లో డానిష్ అన్వేషకుడు రాస్ముసెన్ గ్రీన్లాండ్‌లో తన వర్తక కేంద్రానికి ఆ పేరు పెట్టాడు. తర్వాత అమెరికా సైనిక స్థావరానికీ అదే అయింది. 2023లో దాన్ని పిటుఫిక్ అని మార్చారు. స్థానికుల భాషలో కుక్కల్ని కట్టేసే చోటని అర్థం. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు అది లోకం అంచు ఎలా అవుతుంది?

అచ్చంగా దొరల పేరే మార్చాలంటే విశాఖలోనే డాల్ఫిన్స్ నోస్ ఉంది. 1933లో తెరిచిన హార్బరుకు సముద్రం వైపు కాపలా కాసే యారాడ కొండకు డాల్ఫిన్ ముక్కు అంటగట్టారు. దాని జోలికి ఎవరూ పోరు. మార్చినా పాత పేరు పోదనడానికి ఆ పక్కనే సింధియా ఉంది. ఓడల కంపెనీ పేరది. 1941లో ఇక్కడ నౌకా నిర్మాణానికి శంకుస్థాపన చేసింది. యార్డు ఎప్పుడో హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయిపోయింది, అయినా సిటీ బస్సు బోర్డు మీద ఇప్పటికీ సింధియానే.