పంట పండిన యేటనే దాచుదము



2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు మేము ఏలూరు నుండి అంచు గ్రామములకు బియ్యము, దుప్పట్లు తీసికొని వెళ్లితిమి. చెరువు కౌలుకు చేయు ఒక సహోదరుడు, "అయ్యగారూ, చేపలు ఉప్పుటేరు దారిని పోయాయి, అప్పు మాత్రం గట్టుమీదే ఉందండి" అనెను. మాకు మాట రాలేదు.

2018-19 నుండి చేపల పెంపకమునకును కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్నది. అయినను కౌలు కాగితము లేనివానికి బ్యాంకులో అప్పు పుట్టుట కష్టము. వడ్డీ వ్యాపారియే దిక్కు.

ఇప్పుడు వానలు ఒక్కసారే కుమ్మరించుచున్నవి. గట్టు బాగుచేయుటకు, చుట్టూ వల కట్టుటకు డబ్బు వరదకు ముందే కావలెను. యోసేపు సమృద్ధి యేండ్లలోనే అయిదవ భాగము దాచెను గదా! చేపకు ధర పలికిన యేట మేము కృతజ్ఞతార్పణలు పట్టితిమి గాని పొదుపు మాట ఎత్తలేదు. ఆ తప్పు మాది. ఇప్పుడు మందిరములో వరద నిధి పెట్టె ఉంచితిమి. మీ సంఘములోను ఉంచుదురా?