ఉక్కు నగరం నుంచి ఖుంబూ దాకా

జంషెడ్‌పూర్‌లో సాక్చీ బజారు పక్కనున్న పేట కాసిడీహ్. ఉక్కు కార్ఖానా రమ్మంటే నలుదిక్కుల నుంచీ వచ్చినవాళ్లతో నిండిన నగరమిది. బెంగాలీలు, బిహారీలు, ఒడియావాళ్లు, సంతాలులు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ మనవాళ్లు. మంచుకొండలతో ఈ ఊరికి సంబంధం ఏమిటనిపిస్తుంది. కానీ కాసిడీహ్‌కు అంత దూరం కాని జేఆర్‌డీ టాటా క్రీడా ప్రాంగణంలో టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ ఉంది. ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రి పాల్ దశాబ్దాల పాటు నడిపిన సంస్థ అది. ఆమె చేతిలో తర్ఫీదైన ప్రేమలతా అగర్వాల్ 2011లో, సంతాల్ యువతి వినీతా సోరెన్ 2012లో, కృత్రిమ కాలితో అరుణిమా సిన్హా 2013లో ఎవరెస్టు ఎక్కారు.

1984 మే 23న బచేంద్రి శిఖరం మీద నిలబడినప్పుడు ఆమె పక్కన ఉన్నది ఆంగ్ దోర్జీ షెర్పా. ఆమె ఆక్సిజన్ సిలిండరుతో ఎక్కింది, ఆయన సిలిండరు లేకుండానే ఎక్కాడు. బచేంద్రి పేరు దేశంలో బడిపిల్లలకు కూడా తెలుసు. ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? ఆ దోర్జీ కూతురు అస్మితా దోర్జీ జంషెడ్‌పూర్‌లో బచేంద్రి దగ్గర శిక్షణ పొంది, అదే ఫౌండేషన్‌లో శిక్షకురాలైంది. 2022లో తండ్రిలాగే సిలిండరు లేకుండా ఎక్కాలని బయల్దేరి, శిఖరం దాదాపు అందేంత దూరం వెళ్లి తిరిగొచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో శిఖరం చేరింది. ఉక్కు నగరానికీ షెర్పాల ఇంటికీ మధ్య దారి వేసినవాళ్లు ఈ తండ్రీకూతుళ్లు. ఆ దారినే వెళ్లి, వాళ్ల సొంత నేల ఎలా ఉంటుందో చూద్దాం.

ఆ నేల పేరు ఖుంబూ. నేపాల్ ఈశాన్యాన, ఎవరెస్టు పాదాల దగ్గర. సుమారు 500 ఏళ్ల కిందట తూర్పు టిబెట్‌లోని ఖామ్ ప్రాంతం విడిచి, 5,700 మీటర్లు దాటిన నాంగ్పా లా కనుమ మీదుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడా, దిగువన సోలూ లోయలోనూ ఊళ్లు కట్టుకున్నాయి. 3,440 మీటర్ల ఎత్తున నామ్చే, ఇంకా పైన ఖుమ్‌జుంగ్, పశ్చిమాన థామే. రాతి గోడల రెండంతస్తుల ఇళ్లు. పాత పద్ధతి ఇంట్లో కింద పశువులు, గడ్డి, కట్టెలు. పైన ఒకటే పొడుగాటి గది, పొయ్యి, బారుగా కిటికీలు, గోడ పొడవునా పేర్చిన రాగి, ఇత్తడి బిందెలు. వంటలో బంగాళాదుంపదే పెత్తనం. ఉడకబెట్టి కారంతో తింటారు, తురిమి రొట్టెలా కాల్చి జడలబర్రె వెన్న రాస్తారు, మాంసం, ముల్లంగి వేసి ష్యాక్పా అనే చిక్కటి పులుసు కాస్తారు. ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ రోజంతా సాగుతుంది.

ఆ దుంప వాళ్లది కాదు. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఎక్కడో తెల్లదొరల తోటల నుంచి అక్కడికి చేరింది. బార్లీ, బక్‌వీట్ మాత్రమే పండే చలి నేలలో దుంప పంట తిండి కొరత తీర్చింది, జనాన్ని పెంచింది, మిగులు చూపించింది. 1916లో తెంగ్‌బోచే మఠం వెలసిందంటే ఆ మిగులే కారణమని రాసినవాడు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. అవును, మన హైమన్‌డార్ఫే. నల్లమల చెంచుల మీద, గోదావరి కొండరెడ్ల మీద పుస్తకాలు రాసినవాడు, కుమురం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పంపినవాడు. మార్లవాయిలో ఉండి గోండు పిల్లలకు బడి పెట్టించిన మనిషే 1953లో ఖుంబూ చేరి, షెర్పాల గురించి 1964లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. షెర్పాలను చదువుకోవాలంటే ఇప్పటికీ ఆయన దగ్గర మొదలుపెట్టాల్సిందే. తెలుగువాళ్లకు ఆ తలుపు మన ఊళ్లోనే ఉంది.

ఆయన్ని ఎక్కువగా ఆకట్టుకున్నది షెర్పాల కట్టుబాటు. ఊరు ఏటా వంతుల వారీగా ‘నవా’ అనే పెద్దల్ని ఎన్నుకుంటుంది. పంట ఎదిగే రోజుల్లో పశువులన్నీ ఫలానా నాటికి ఊరు దాటి పైమేతలకు వెళ్లాలని వాళ్లు చెబుతారు. దాటకపోతే జరిమానా, ఎంత ఆస్తిపరుడికైనా సరే. గడ్డి కోతకూ రోజు వాళ్లే పెడతారు. అడవి కాపలాకు వేరే నవాలు; ఎవరింట్లో కొత్త దూలం కనిపించినా ఎక్కడిదని అడిగే హక్కు వాళ్లకుండేది. 1957లో నేపాల్ ప్రభుత్వం అడవుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాక ఈ కాపలా సడలింది. సొంతమన్న భావం పోయిన చోట గొడ్డలి పడింది. ఆదిలాబాద్ అడవుల్లో సర్కారు రిజర్వుల పేరిట ఏమైందో చూసినవాడు కాబట్టే హైమన్‌డార్ఫ్ ఈ సంగతిని పట్టించుకుని రాశాడని నా నమ్మకం.

పిల్లలకు పుట్టిన వారం పేరు పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. ఆదివారం పుడితే నిమా, సోమవారం దావా, మంగళవారం మింగ్మా, బుధవారం ల్హక్పా, గురువారం ఫుర్బా, శుక్రవారం పాసాంగ్, శనివారం పెంబా. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా అదే. ఇది చదివితే జంషెడ్‌పూర్‌లో ఎవరూ ఆశ్చర్యపోరు. చుట్టుపక్కల ఆదివాసీ పల్లెల్లో సోమ్రా, మంగ్రా, బుధ్నీ ఉన్నారు. గురువారం పుట్టాడని బిర్సా ముండాకు ఆ పేరు వచ్చిందంటారు. మన ఆదెమ్మలూ సోమయ్యలూ మంగమ్మలూ ఉండనే ఉన్నారు.

పెళ్లి మాత్రం తొందరగా తేలదు. అడగడం, ఒప్పందం చేసుకోవడం, ఆఖరి వేడుక, ఈ మెట్లన్నీ దాటడానికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా పిల్లలు పుట్టినా తప్పు పట్టేవాళ్లు లేరు. ఒకే వంశంలో పెళ్లి మాత్రం కుదరదు. వేసవిలో దుమ్‌జే పండుగ ఖర్చును కొన్ని ఇళ్లు వంతులేసుకుని భరిస్తాయి. శరదృతువులో తెంగ్‌బోచేలో జరిగే మణి రిమ్‌దూ పండుగలో సన్యాసులు ముఖాలకు ముసుగులు వేసుకుని ఆడతారు. ఆ మఠం 1934 భూకంపంలో కూలింది, 1989లో కాలిపోయింది, రెండుసార్లూ మళ్లీ లేచింది.

ఖుంబూ బతుకు గురించి ఇంతవరకూ చెప్పినదాంట్లో ఎక్కడా ఎవరెస్టు ఎక్కడం రాలేదని గమనించండి. నాలుగు శతాబ్దాల పాటు షెర్పాలకు శిఖరాలు ఎక్కే పని లేదు. వాటి మీద దేవతలుంటారు. ఖుమ్‌జుంగ్ వెనకనున్న ఖుంబిలా కొండ ఈ నేలను కాచే దేవుడి ఇల్లు. దాన్ని ఇప్పటికీ ఎక్కరు. వాళ్ల బతుకు పశువుల మీద, దుంప మీద, నాంగ్పా లా దాటి చేసే వర్తకం మీద సాగింది. ఇటునుంచి ధాన్యం, అటునుంచి ఉప్పు, ఉన్ని. కూలి డబ్బు కోసం డార్జిలింగ్ వెళ్లిన కొందరిని బ్రిటిష్ బృందాలు మూటలు మోయడానికి తీసుకెళ్లాయి. 1922 జూన్ 7న హిమపాతం కింద 7 మంది కూలీలు చనిపోయారు. ఎవరెస్టు తీసుకున్న తొలి ప్రాణాల్లో వాళ్లవీ ఉన్నాయి. 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీతో కలిసి టెన్జింగ్ షెర్పా శిఖరం చేరాడు. 1959 తర్వాత టిబెట్ దారి మూతపడి ఉప్పు వ్యాపారం చితికిపోయింది. అప్పటి నుంచి కొండే కూడు పెట్టింది. 1961లో ఖుమ్‌జుంగ్‌లో హిల్లరీ కట్టించిన బడి, లుక్లాలో విమానాశ్రయం, 1966లో ఖుందేలో ఆసుపత్రి, వెనకే యాత్రికులు, వసతి గృహాలు, సొమ్ము.

ఆ సొమ్ము ఖరీదును కూడా చెప్పాలి. 2014 ఏప్రిల్ 18న ఖుంబూ ఐస్‌ఫాల్‌లో హిమపాతం కింద 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు, ఎక్కువమంది షెర్పాలే. శిఖరం ఎక్కబోయే వారి గుడారాలు, తాళ్లు, సిలిండర్లు మోస్తూ పోయారు. ముప్పు పనిలోనే కాదు, ఇంటి మీదికీ వచ్చింది. 2024 ఆగస్టులో పైనున్న హిమసరస్సు తెగి థామే మీద పడి ఇళ్లనూ బడినీ ఊడ్చుకుపోయింది. 2025 మే నాటికి 31 సార్లు ఎవరెస్టు ఎక్కి, ప్రపంచంలో ఇంకెవరికీ అందని లెక్క చూపిన కామి రీటా షెర్పాది ఆ ఊరే. మంచు కరిగించే పొగలో వాళ్ల వాటా ఏపాటిది?

ఆ 2014లోనే, మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది, ఖమ్మం వైపు కుర్రాడు ఆనంద్‌కుమార్ తోడుగా. భువనగిరి గుట్ట మీద మొదలైన వాళ్ల శిక్షణ డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది. 1954లో మొదలైన ఆ సంస్థలో పర్వతారోహణ శిక్షణకు తొలి అధిపతి టెన్జింగ్. మనవాళ్లు ఎక్కిన ప్రతి మెట్టు వెనకా షెర్పాలున్నారు. అది చిన్నతనం కాదు, పూర్ణ గొప్పతనం దానివల్ల తగ్గదు.

కానీ మన పత్రికల్లో ఎవరెస్టు వార్త వచ్చినప్పుడల్లా ‘షెర్పాల సాయంతో’ అని ఒక మాట రాసి వదిలేస్తాం. ఇది అన్యాయం. తాడు కట్టినవాడికి పేరుంది, ఊరుంది, ఇంట్లో పిల్లలున్నారు. ఇకమీదట మీ ఊళ్లో ఎవరైనా శిఖరం ఎక్కి వస్తే శాలువా కప్పండి, చప్పట్లు కొట్టండి, వెంటనే పక్కన నడిచిన మనిషి పేరు అడగండి. ఫొటో కింద ఆ పేరు కూడా అచ్చు వేయించండి.